బదులు పలికినవాళ్ళు

వ్యాయామం చెప్పింది పోలిరాజు మోకాలికి. చేసింది మాత్రం పోర్ట్‌బ్లెయిర్ డిగ్నాబాద్‌లో వాళ్ళ వీధి వీధంతా. ఇదెలా జరిగిందిరా బాబూ అని తరవాత ఎవరైనా అడిగితే, పోలిరాజు బుర్ర గోక్కునేవాడు. జరుగుతున్నన్నాళ్ళూ అది తప్పని అతనికి గట్టిగా అనిపించలేదు. అలాగని ఒప్పనీ అనిపించలేదు.

పోలిరాజుకు ఇరవైమూడేళ్ళు. వాళ్ళ నాయన అప్పలరాముడు భీమిలి దగ్గరి పల్లె నుంచి పెళ్ళాన్నీ తల్లినీ వెంటబెట్టుకుని ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాడు. వచ్చిన రెండేళ్ళకు పోలిరాజు పుట్టాడు. పొద్దున వల పని, సాయంత్రం చెడుగుడు, ఇంతే అతని బతుకు. డిగ్నాబాద్ జట్టులో కూతకు వెళ్ళేవాళ్ళలో అతన్ని మించినవాడు లేడు. ఆ ఏడు, అంటే డెబ్బైతొమ్మిదిలో, డిసెంబరు ఓడకు మద్రాసు వెళ్ళి ఆడే దీవుల జట్టులో అతని చోటు ఖాయమనే అందరూ అనుకున్నారు.

ఆగస్టు పదిహేను పోటీల్లో ప్రోతరాపూర్ వాళ్ళ మీద ఆట. రాత్రంతా కురిసిన వానకు బరి మెత్తబడిపోయింది. పోలిరాజు కూతకెళ్ళి ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాడో లేదో, ఇద్దరు వచ్చి మడమ పట్టేశారు. పాదం బురదలో దిగబడింది, ఒళ్ళు గీత వైపు తిరిగింది, మధ్యలో ఎడమ మోకాలు ఎటు పోవాలో తేల్చుకోలేకపోయింది. టప్పుమన్న చప్పుడు బరి చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా వినబడింది. జట్టువాళ్ళు అతన్ని బల్ల మీద మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు.

ఆరు వారాలు కాలు పిండికట్టులో ఉంది. ఆ ఆరు వారాలూ పోలిరాజుకు ఒకటే భయం. ఆట పోతుందని కాదు, పేరు పోతుందని. ఈ మాట పైకి అంటే పిచ్చివాడనుకుంటారని ఎవరికీ చెప్పలేదు గానీ, అది నిజమైన భయమే. అదేమిటో తెలియాలంటే ముందు వల సంగతి చెప్పాలి.

పెద్ద వలను రెండు తాళ్ళతో ఒడ్డుకు లాగే ముందు, తాడు పట్టినవాళ్ళ పేర్లు నూకన్న వరసగా పిలుస్తాడు. నూకన్న అంటే అప్పలరాముడి అన్న, పోలిరాజుకు పెదనాన్న. పిలిచినప్పుడు ఎవరికి వారు "ఉన్నా" అనాలి. ఎవడైనా జ్వరంతో పడుకుంటే, వాడి ఇంటి మనిషి వచ్చి ఆ చోట నిలబడి, వాడి పేరుకే "ఉన్నా" అంటాడు. అన్నాక ఇంక వాడు వచ్చినట్టే, వాడు లాగినట్టే. తాడు మీద పేరు ఖాళీగా ఉంచితే ఆ మనిషి లేడని మనమే సముద్రానికి చెప్పినట్టవుతుందని వాళ్ళ నమ్మకం. అందుకని పేరు ఖాళీ ఉంచరు, మనిషి పోయాడని రూఢి అయితే తప్ప.

పన్నెండేళ్ళ కిందట అప్పలరాముడు ఒంటరిగా నావ వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. నావా దొరకలేదు, మనిషీ దొరకలేదు. మూడో రోజున వల దగ్గర నూకన్న అలవాటు కొద్దీ తమ్ముడి పేరు పిలిచేశాడు. పిలిచాక నాలిక కరుచుకున్నాడు గానీ మాట బయటికి వచ్చేసింది. ఎవరూ పలకలేదు. అప్పుడు అప్పలరాముడి భార్య ఎరుకమ్మ పదకొండేళ్ళ కొడుకును భుజాలు పట్టి ముందుకు తోసింది. పోలిరాజు తాడు పట్టుకుని "ఉన్నా" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అతను తాడు దగ్గర అప్పలరాముడే. పోలిరాజు అన్న పేరు ఆ ఒడ్డున ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదు.

బరిలో అలా కాదు. కూతకు లేస్తే చాలు, "పోలీ! పోలీ!" అని నాలుగు వైపుల నుంచీ అరిచేవాళ్ళు. ఆ పేరుకు అతను తప్ప పలికేవాడు ఇంకొకడు లేడు.

పిండికట్టు విప్పాక కుజూర్ మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ అమ్మాయి, ఆసుపత్రిలో కాళ్ళకీ చేతులకీ కసరత్తు నేర్పించే పని. పోలిరాజును బల్ల మీద కూర్చోబెట్టి, కేజీ ఇసక సంచి మడమకు కట్టి, కాలు తిన్నగా ఎత్తి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆపమంది. అలా ముప్పైసార్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గళ్ళున్న అట్ట ఒకటి ఇచ్చి, చేసినప్పుడల్లా గీత పెట్టమంది.

"నలభై రోజులు చేసి రా బేటా. తొడ నిండితే ఆడొచ్చని కాగితం రాస్తాను. అకేలా మత్ కర్‌నా. ఒక్కడివే అయితే వారానికే వదిలేస్తావు, నాకు తెలుసు. ఘర్‌వాలోంకో సాథ్ మే బిఠావో."

ఇంట్లోవాళ్ళని తోడు కూర్చోబెట్టుకోమనేసరికి పక్కనే ఉన్న ఎరుకమ్మ కళ్ళు మెరిశాయి. "అదెంత పని మేడమ్, హమ్ సబ్ హై నా! మేమందరం లేమా!" అంది.

మొదటి వారం బాగానే సాగింది. పోలిరాజు పళ్ళు బిగించి కాలెత్తుతుంటే ఎరుకమ్మ అంకెలు చెప్పేది. నాయనమ్మ బుల్లమ్మ ఎదురుగా కూర్చుని, కాలు లేస్తే తన గడ్డం కూడా లేపేది. మేనమామ తాతబ్బాయి గోడకి ఆనుకుని "ఏట్రా అల్లుడా, ఇసక సంచికే ఇంత ఆపసోపాలు పడతన్నావు, రేపు పెళ్ళామొస్తే ఏటి సేస్తావు" అని వేళాకోళం ఆడేవాడు. నొప్పి నొప్పే గానీ, ఆ మాటల సందడిలో ముప్పై ఎలా అయిపోయేవో తెలిసేది కాదు.

తొమ్మిదో రోజు సాయంత్రానికి మోకాలు వాచింది. పోలిరాజు మంచం మీద వాలిపోయి, "ఈ పూటకి నావల్ల కాదే అమ్మా" అన్నాడు. ఎరుకమ్మ చేతిలో అట్ట పట్టుకుని, ఖాళీగా ఉన్న గడిని చూస్తూ నిలబడిపోయింది. ఆ ఖాళీ ఆవిడకి ఎంత మాత్రం నచ్చలేదు.

"తొంగోరా నాయినా," అంది బుల్లమ్మ లేస్తూ. "నీ బదులు నానెత్తుతాను. ఒలే ఎరుకా, పేరు పిలు."

"పోలిరాజు!" అని పిలిచింది ఎరుకమ్మ.

"ఉన్నా!" అంది ముసల్ది.

అరవై ఎనిమిదేళ్ళ బుల్లమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, సంచి కట్టుకుని, ముప్పైసార్లు కాలెత్తింది. ఎరుకమ్మ గీత పెట్టింది. పోలిరాజు పడీ పడీ నవ్వాడు. నవ్వి నవ్వి హాయిగా నిద్రపోయాడు. పొద్దున్న లేచేసరికి వాపు కొంచెం తగ్గింది కూడా. బుల్లమ్మ "సూసినావా మరి!" అంది.

వాపు తగ్గింది విశ్రాంతి ఇచ్చినందుకేనని ఎవరికి తోస్తుంది? ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అక్కడి నుంచి దారి తప్పింది. నొప్పి ఉన్న రోజున బుల్లమ్మ. బుల్లమ్మకి ఒంట్లో బాగోకపోతే తాతబ్బాయి. తాతబ్బాయి అబర్డీన్ బజార్ బస్సు అందుకోవాలంటే ఎరుకమ్మ. రెండిళ్ళవతల ఉండే వడ్రంగి మొండల్ భయ్యాకి సంగతి తెలిసి, పోలీ కోసం మేమూ చేస్తామని పట్టుబట్టాడు. ఓ సాయంత్రం చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "ఆజ్ పోలీ కా పచాస్ కర్ దియా!" అన్నాడు, ముప్పై చాలదన్నట్టు యాభై చేసేసి. మిగిలిన ఇరవైకీ ఎక్కడ గీత పెట్టాలో తెలియక ఎరుకమ్మ అట్ట వెనక్కి తిప్పి అక్కడ పెట్టింది. ఇలాంటి ప్రేమ దొరకడం అదృష్టమే, కాదన్నవాడి నోట మట్టి పడా. కానీ ప్రేమకి కండ ఎక్కడ పెరగాలో తెలియదే!

పోలిరాజు మొదట్లో వద్దన్నాడు, తరవాత గొణిగాడు, తరవాత ఊరుకున్నాడు. తనూ చేసేవాడు, మానేశాడని అనలేం. రోజుకు రెండుసార్లు కాస్తా ఒకసారయింది, ఒకసారి కాస్తా రోజు విడిచి రోజయింది. నిజం చెప్పాలంటే అందులో బద్ధకం ఉంది, నొప్పంటే భయమూ ఉంది. వాటికి తోడు ఒక ప్రశ్న అతని బుర్రలో పడి దొర్లుతూ ఉండేది. పన్నెండేళ్ళుగా నాయన బదులు తను తాడు లాగితే నాయన లాగినట్టే అయినప్పుడు, వీళ్ళు తన బదులు కాలెత్తితే తను ఎత్తినట్టు ఎందుకు కాదు? కాదంటే అదీ కాదనాలి. అదీ ఇదీ కూడా అవుననడానికి మోకాలు ఒప్పుకోవడం లేదు. మెట్లు దిగుతుంటే ఒక రోజు గట్టిగానే నిలబడేది, మర్నాడు చెప్పా పెట్టకుండా మడతపడిపోయేది. ఏది నిజమో అతనికి పాలుపోయేది కాదు.

పైగా ఇంట్లో పొద్దునా సాయంత్రం "పోలిరాజు!" అని పిలుపు వినబడుతూనే ఉండేది. వంటింట్లోంచో వీధరుగు మీదనుంచో ఎవరో ఒకరు "ఉన్నా" అనేవారు. మంచం మీద పడుకుని అతను తన పేరు విని తనే ఉలిక్కిపడేవాడు.

నలభై రోజులు గడిచాయి. నవంబరులో ఎరుకమ్మా బుల్లమ్మా కొడుకుని వెంటబెట్టుకుని అట్టతో సహా ఆసుపత్రికి వెళ్ళారు. కుజూర్ మేడమ్ అట్ట చూసి మురిసిపోయింది. ఒక్క గడి ఖాళీ లేదు. "షాబాష్!" అని టేపు తీసి కుడి తొడ కొలిచింది, ఎడమ తొడ కొలిచింది. మొహం చిట్లించి మళ్ళీ కొలిచింది. ఎడమది రెండంగుళాలు సన్నం. పిండికట్టు విప్పిన రోజున ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంది.

"కార్డ్ పూరా భరా హై, టాంగ్ ఖాలీ హై. అట్ట నిండింది, కాలు నిండలేదు. ఇదెలా? ఈ గీతలు ఎవరు పెట్టారు?"

"నానే పెట్టినాను మేడమ్," అంది ఎరుకమ్మ గర్వంగా. "ఒక్క పూట ఖాళీ పోనివ్వలేదు. ఈడికి నొప్పొస్తే మా అత్త సేసింది, నాను సేసినాను, మా తమ్ముడు సేసినాడు. అందరం ఈడి పేరు మీదే సేసినాం."

మేడమ్‌కి సగం అర్థమయింది, సగం కాలేదు. అర్థమైన సగాన్ని నమ్మలేక, బుల్లమ్మను బల్ల మీద కూర్చోబెట్టి కాలు ఎత్తమంది. ముసల్ది సంచితో సహా కాలెత్తి, పది దాటి పదిహేను దాకా ఆపింది. మేడమ్ పొట్ట పట్టుకు నవ్వింది. "అయితే మద్రాసుకి దాదీని పంపిద్దామా?" అంది. ఎరుకమ్మా నవ్వింది, బుల్లమ్మా నవ్వింది. పోలిరాజు ఒక్కడే నవ్వలేదు. కాగితం రాయదని అతనికి అప్పటికే అర్థమయింది.

మేడమ్ నవ్వు ఆపి అతని వైపు చూసింది. "ఇంకో రెండు నెలలు బేటా. ఈసారి నువ్వే." ఓడ డిసెంబరులో ఉంది.

ఇంటికొచ్చాక పోలిరాజు గుమ్మంలోనే నిలబడి, "రేపట్నుంచి నా బదులు ఎవలూ సెయ్యొద్దు," అన్నాడు.

ఎరుకమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. "సెయ్యలేని పూట ఏటి సెయ్యమంతావు? పేరు ఖాళీ ఉంచమంతావా?"

"ఖాళీగానే ఉండనీ. నాను బతికే ఉన్నాను గదే అమ్మా!"

"బతికుండాలనే గదరా ఇదంతా!"

"పన్నెండేళ్ళు నాయన పేరు మీద నాను లాగినాను," అన్నాడు పోలిరాజు. "ఎవల కండ పెరిగింది సెప్పు. నాయనదా, నాదా?"

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకుందామంటే దారి లేదు. ఎరుకమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. ఆ తరవాత ఎన్నో రోజులు కొడుకుతో "తిను" అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. తల్లిని అంత మాట అన్నందుకు పోలిరాజుకి తన మీద తనకే అసహ్యం వేసింది. అన్న మాట అబద్ధమా అంటే అదీ కాదు. అటు చూస్తే తప్పు, ఇటు చూస్తే నిజం. ఎటు చూసుకోవాలో తెలియక ఆ రాత్రి భోజనం కూడా చేయలేదు.

పంతం కొద్దీ మర్నాటి నుంచి ఒంటరిగా మొదలుపెట్టాడు. మొదటి రోజు ముప్పై చేశాడు. రెండో రోజు ఇరవై. మూడో రోజు ఎనిమిది దగ్గర కాలు వణికితే దించేసి, సంచి విప్పి మూలకు విసిరేశాడు. నాలుగో రోజు బల్ల దగ్గరికే వెళ్ళలేదు. అందరూ చేతులు కలిపితే తన పని తనది కాకుండా పోయింది, ఎవరూ లేకపోతే అసలు పనే కాకుండా పోతోంది. ఇదేం మోకాలురా దేవుడా అని తల పట్టుకున్నాడు.

ఐదో రోజు పొద్దున బుల్లమ్మ ఇంకో ఇసక సంచి తెచ్చుకుని బల్ల ఆ చివర కూర్చుంది. పోలిరాజు గొంతు పెంచాడు. "మామ్మా, సెప్పినాను గదా!"

"నీకోసరం ఎవలెత్తుతున్నారు? నాకోసరం ఎత్తుకుంతన్నాను. ఇదివరకు మూత్రానికి లెగిస్తే గోడలు పట్టుకునేదాన్ని. ఇప్పుడు గబగబా ఎల్లిపోతన్నాను. నాను మానను. నువ్వెత్తితే ఎత్తు, లేకపోతే ఆ సివర కూసుని ఏడు."

ముసల్ది "ఒకటి" అంది. పోలిరాజు కాసేపు చూసి, మూలనున్న సంచి తెచ్చుకుని కట్టుకున్నాడు. ఇద్దరూ చెరో చివర కాళ్ళెత్తారు. ఎనిమిది దగ్గర అతని కాలు వణికింది. బుల్లమ్మ అటు చూడను కూడా చూడలేదు. ముసల్ది తొమ్మిది అంటుంటే తను దించెయ్యడానికి సిగ్గేసి పోలిరాజు కాలు పైనే ఆపాడు. ఆ రోజు ముప్పై అయ్యాయి.

మెల్లగా మిగతావాళ్ళూ చేరారు. తాతబ్బాయి కాలెత్తడం మానేసి, టీ గ్లాసుతో పక్కన కూర్చుని తిట్టడం ఒక్కటే పనిగా పెట్టుకున్నాడు. మొండల్ భయ్యా రాలేని రోజున అవతలి నుంచే "పోలీ, కిత్‌నా హువా?" అని కేకేసేవాడు. పోలిరాజు ఎన్నయితే అన్నే చెప్పాలి. చెయ్యని పూట అట్ట మీద గడి ఖాళీగానే ఉండేది. ఎరుకమ్మ మాత్రం అటు తొంగి చూసేది కాదు. ఒక రోజు పోలిరాజు సంచి పిగిలి ఇసక కారిపోయింది. మర్నాటికి అది వల దారంతో రెండు వరసలు కుట్టి, కొత్త ఇసకతో బల్ల మీద ఉంది. ఎవరు కుట్టారని అతను అడగలేదు.

డిసెంబరు పదకొండున మద్రాసు ఓడ కూత వేసింది. అప్పుడు పోలిరాజు పదిహేడో సారి కాలెత్తి ఉన్నాడు. ఆ ఓడలో తన జట్టు ఉంది, తన చోట ఇంకొకడు ఉన్నాడు. కాలు దానంతటదే కిందికి దిగింది, కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తాతబ్బాయి తిట్టలేదు. కాసేపటికి బుల్లమ్మ, "పదిహేడు అవ్వలేదు, మళ్ళీ ఎత్తు," అంది.

జనవరి చివర్లో కుజూర్ మేడమ్ టేపు పెట్టింది. ఎడమ తొడ కుడిదానికి ఒక్క వేలెడు తక్కువ. అట్ట మీద ఖాళీ గళ్ళు లెక్కపెట్టి, "ఇది నిజం అట్ట," అంది. బరిలోకి ఏప్రిల్ దాకా వద్దు, ఇప్పటికి తాడు లాగడం మొదలుపెట్టొచ్చు అని కాగితం రాసిచ్చింది.

మర్నాడు పొద్దున్నే పోలిరాజు ఒడ్డుకు వెళ్ళాడు. సముద్రం నిలకడగా ఉంది. వల వేసేసి నావ ఒడ్డుకు తిరిగొచ్చింది, తాళ్ళు ఇసక మీద సిద్ధంగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అప్పలరాముడి చోట తాతబ్బాయి నిలబడి పలికేవాడు. అల్లుణ్ణి చూడగానే పక్కకు తప్పుకుని చోటిచ్చాడు. ఎరుకమ్మా బుల్లమ్మా మిగతా ఆడవాళ్ళతో కలిసి గంపలు పట్టుకుని వెనక నిలబడ్డారు. పోలిరాజు తాడు అందుకుని, ఎడమ కాలు ఇసకలో తన్నిపెట్టి చూసుకున్నాడు. మోకాలు గట్టిగా నిలబడింది.

నూకన్న వరసగా పిలుస్తూ వచ్చాడు. పిలిచినవాడల్లా ఉన్నానన్నాడు.

"అప్పలరాముడు!"

పోలిరాజు నోరు తెరిచాడు. పన్నెండేళ్ళుగా ఆలోచించకుండా వచ్చిన మాట రాలేదు. అంటే ఏముంది, ఒక్క మాట, అనేస్తే అమ్మ కుదుటపడుతుంది. అనకపోతే అమ్మ ముందే, అందరి ముందే నాయనను చంపినట్టవుతుంది. అనాలో వద్దో తేలక చేతుల్లో తాడు బిగబట్టి అలాగే ఉండిపోయాడు.

"అప్పలరాముడు!" నూకన్న రెండోసారి పిలిచాడు. తాడు పొడుగునా తలలన్నీ ఇటు తిరిగాయి.

ఎరుకమ్మ గంప కింద పెట్టింది. ఇసకలో నాలుగడుగులు ముందుకు వచ్చింది.

"లేడు," అంది.

నూకన్నకు వినబడలేదో, వినబడినా నమ్మలేదో, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవిడ వైపు చూశాడు.

"ఆయన లేడు బావా," అంది ఎరుకమ్మ ఈసారి గట్టిగా. "పన్నెండేళ్ళయింది. పోలిరాజుని పిలు."

వెనక బుల్లమ్మ ఇసకలో కూలబడి కొడుకు కోసం మొదటిసారి నోరు విప్పి ఏడ్చింది. నూకన్న పిలిచాడు. పోలిరాజు పలికాడు. తాడు కదిలింది. వల ఒడ్డుకు వచ్చేదాకా అతను లాగుతూనే ఉన్నాడు, ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపు నాయన కోసమో తన కోసమో అతనికి తెలియలేదు.